స్కూలుకి మూడు స్టార్లు, మాస్టారికి ఐదు

విశాఖపట్నంలో మాన్యువల్ కారు నేర్చుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మరీ ముఖ్యంగా, ఏళ్ల తరబడి స్కూటీ మీద తిరిగి ఇప్పుడు కారు స్టీరింగ్ పట్టుకోవాల్సి వచ్చిన నాలాంటి ఆడవాళ్ల కోసం. డ్రైవింగ్ స్కూలు పేరు రాయడం లేదు. ఆఫీసు గురించి నాలుగు మాటలు అనాల్సి ఉంది, మాస్టారేమో ఇంకా అక్కడే పనిచేస్తున్నారు. ఆయనకి నా వల్ల ఇబ్బంది రాకూడదు.

మా ఆయనకి పారాదీప్ బదిలీ అయింది. ఇంట్లో వ్యాగన్ ఆర్ ఉండిపోయింది. పెట్రోలు బండి, ఐదు గేర్ల మాన్యువల్. "దాన్ని అమ్మేసి ఆటోమేటిక్ తీసుకో, హాయిగా ఉంటుంది" అని చెప్పనివాళ్లు లేరు. శుభ్రంగా నడుస్తున్న బండిని అమ్మడానికి నాకు మనసొప్పలేదు. పైగా నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఘర్షణ గురించి, గతిజశక్తి గురించి రోజూ బోర్డు నింపేసే మేడమ్ క్లచ్‌కి భయపడి కారు అమ్ముకుందంటే పిల్లలు ఊరుకుంటారా?

మా ఇంటికి దగ్గర్లో ఉన్న స్కూల్లో చేరాను. ప్యాకేజీ 6,500 రూపాయలు, పదిహేను రోజులు, రోజుకి అరగంట. ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు), అసలు లైసెన్సు ఖర్చులు వేరే. ఇక్కడే ఒక లెక్క చూడండి. సెంట్రల్ మోటార్ వెహికల్ రూల్స్ ప్రకారం కారు నేర్పే శిక్షణ 21 రోజులకి తగ్గకూడదు, బండి నడిపే సమయం 10 గంటలకి తగ్గకూడదు. పదిహేను అరగంటలంటే ఏడున్నర గంటలు. అందులో మనకంటే ముందు క్లాసు అమ్మాయిని వాళ్లింటి దగ్గర దించడం, పెట్రోలు బంకులో లైను, మాస్టారి ఫోన్లు అన్నీ కలిసిపోతాయి. కానీ రిజిస్టర్‌లో మాత్రం గంటలన్నీ నిండుగా ఉంటాయి. "సంతకం పెట్టేయండి మేడమ్, ఇదంతా మామూలే" అంది కౌంటర్ దగ్గరి అమ్మాయి. నేను చదివాకే పెడతానన్నాను. అప్పట్నుంచి ఆఫీసులో నన్ను చూస్తే మొహాలు ముడుచుకున్నాయనుకోండి, అది వేరే సంగతి.

మొదట్లో నాకు ఇచ్చింది ఒక కుర్రాడిని. మంచివాడే, మర్యాదస్తుడే. కాకపోతే నేర్పడు, నడిపేస్తాడు. స్కూలు బళ్లలో ఎడమ సీటు ముందు కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి కదా. రెండూ మన పెడల్స్‌కే కలిపి ఉంటాయి. ఇసుకతోట దగ్గర మలుపులో నేనింకా కాలు కదపకముందే నా చెప్పు కింద క్లచ్ పెడల్ తనంతట తానే కిందకి దిగిపోయింది. తిరిగి చూస్తే అబ్బాయి ఎడమ కాలు అక్కడుంది. చేతిలో ఫోను, కళ్లు రోడ్డు మీద, కాలు క్లచ్ మీద. "మీరు స్టీరింగ్ ఒక్కటీ చూసుకోండి మేడమ్, మిగతావి నేను చూసుకుంటాను" అన్నాడు. బండి ఒక్కసారి కూడా ఆగిపోవడం లేదని పొంగిపోయే విద్యార్థులు చాలామంది ఉంటారు. కోర్సు అయ్యాక సొంత కారు ఎక్కి గేటు కూడా దాటలేకపోయేది వాళ్లే. మీరు చేరిన చోట ఇది కచ్చితంగా గమనించండి. పెడల్ మీ కాలి కంటే ముందు కదిలిందంటే మీ డబ్బుతో ఇంకెవరో ప్రాక్టీసు చేస్తున్నట్టే.

మాస్టారిని మార్చమని అడిగితే వారం దాటాక మార్చారు. అలా వచ్చారు మన ఆర్టీసీ మాస్టారు. ఎస్.కోట మీదుగా అరకు వెళ్లే బస్సులు చాలాకాలం నడిపి రిటైరయ్యారట. ఎక్కగానే ఆయన చేసిన మొదటి పని, తన రెండు కాళ్లూ వెనక్కి మడిచి సీటు అంచుకి ఆనించి కూర్చోవడం. "నా కాళ్లు ఇక్కడుంటాయమ్మా. అవసరమైతేనే వస్తాయి" అన్నారు.

ఆ రోజు ఇంజిన్ స్టార్ట్ చేయనివ్వలేదు. క్లచ్ తొక్కి గేర్ రాడ్డుని ఊరికే తిప్పించారు. ఏ గేరూ వెయ్యకుండా న్యూట్రల్లో వదిలేస్తే రాడ్డు తనంతట తానే మూడుకీ నాలుగుకీ మధ్య వచ్చి నిలబడుతుంది, లోపల స్ప్రింగు ఉంటుంది. ఒకటి, రెండు కావాలంటే అరచెయ్యి అవతలి వైపుకి తిప్పి రాడ్డుని అటు నెట్టి పట్టాలి. మూడు, నాలుగుకి అసలు పక్కకి నెట్టకూడదు, నేరుగా ముందుకి, నేరుగా వెనక్కి. ఐదుకి మనవైపు లాక్కుని ముందుకి. గేర్ రాడ్డుని గుప్పెట్లో బిగించి పట్టుకుంటే ఈ తేడా చేతికి తెలియదు. మూడు నుంచి నాలుగుకి లాగేటప్పుడు చెయ్యి కాస్త అవతలికి పోయిందా, నాలుగు బదులు రెండు పడుతుంది. ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తుంది, బండి ఎవరో వెనక్కి లాగినట్టు ముక్కు కిందకి వేస్తుంది, వెనకాల వచ్చేవాడికి మన బ్రేకు లైటు కూడా కనపడదు. "చెయ్యి వదులుగా ఉంచండమ్మా, దాని దారి దానికి తెలుసు" అనేవారు.

మర్నాడు క్లచ్. యాక్సిలేటర్ ముట్టుకోనివ్వకుండా, చదునైన రోడ్డు మీద, ఒట్టి క్లచ్‌తోనే బండి కదిలించమన్నారు. మొదటి గేరు వేసి క్లచ్‌ని కొద్దికొద్దిగా పైకి వదులుతుంటే ఒకచోట ఇంజిన్ శబ్దం కాస్త దిగుతుంది, స్టీరింగ్ సన్నగా వణుకుతుంది. అక్కడ కాలు ఆపాలి. అక్కడే ఆపి ఊపిరి పీల్చుకునేంత సేపు ఉంటే బండి తనే కదులుతుంది. చాలామంది అక్కడిదాకా నెమ్మదిగానే వదిలి, బండి కదలగానే పని అయిపోయిందని కాలు తీసేస్తారు. కుదుపు వచ్చేది అప్పుడే, ఆగిపోయేది అప్పుడే. క్లాసులో స్థైతిక ఘర్షణ, జారుడు ఘర్షణ అని రెండు పీరియడ్లు చెబుతాను. క్లచ్ ప్లేటు, ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ చక్రం మీద జారుతూ జారుతూ అతుక్కుపోయే ఆ క్షణాన్ని ఇంత బాగా అరికాలితో తెలుసుకున్నది మాత్రం ఇక్కడే.

గేర్లు ఎప్పుడు మార్చాలి అని అడిగాను, నోట్‌బుక్ తీసి మరీ. నవ్వి, అంకెలు చెప్పారు: బండి కదలడానికి మాత్రమే ఒకటి, పది పదిహేనుకి రెండు, పాతిక దాటాక మూడు, నలభైకి నాలుగు, యాభై అయిదు అరవైకి ఐదు. చెప్పాక, "ఇవి పరీక్షకి. రోడ్డు మీద చెవి పెట్టండి" అన్నారు. అద్దం దించి, ఏసీ ఆపించి, మీటరు మీద తన రుమాలు కప్పేశారు. మూడో గేరులో పదిహేనుకి పడిపోతే ఇంజిన్ గొంతు బొంగురుపోతుంది, డ్యాష్‌బోర్డు అదురుతుంది. అప్పుడు యాక్సిలేటర్ ఎంత తొక్కినా లాగదు, ఇంకా వణుకుతుంది. రెండు వెయ్యమని అది అడుగుతున్నట్టు. అలాగే రెండులో నలభైకి పోతే అరుపు. ఈ రెండు శబ్దాలకీ మధ్య ఉండటమే గేర్లు మార్చడమంటే. హెచ్‌బీ కాలనీ లోపలి వీధుల్లో, స్పీడు బ్రేకరు తర్వాత స్పీడు బ్రేకరు వచ్చే చోట, రుమాలు కప్పిన మీటరుతో తిప్పారు. ఆ క్లాసు ఒక్కదానికే 6,500 ఇవ్వొచ్చు.

ఇక బ్రేకులు. ఈ రివ్యూ నేను రాయడానికి అసలు కారణం ఇదే, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

స్కూటీ నుంచి వచ్చినవాళ్లకి, కుర్రాడి దగ్గర నేర్చుకున్నవాళ్లకి కూడా, ఒకటే అలవాటు ఉంటుంది: ముందు ఏదైనా అడ్డం వస్తే మొదట క్లచ్ తొక్కేస్తారు, తర్వాత బ్రేకు. ఇంజిన్ ఆగిపోతుందేమోనన్న భయం. క్లచ్ తొక్కగానే ఇంజినుకీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. అప్పటిదాకా ఇంజిన్ కూడా బండిని పట్టి ఉంచేది, ఇప్పుడు బ్రేకు ఒక్కటే మిగిలింది. దిగుడు రోడ్డయితే క్లచ్ తొక్కిన మరుక్షణం బండి వేగం పెరుగుతుంది కూడా. మాస్టారు దీన్ని ఎంత గట్టిగా పట్టించుకునేవారంటే, సిగ్నల్ దగ్గరకి వెళ్తూ నా ఎడమ కాలు కదిలిందంటే చాలు, "తొందరేటమ్మా, దాన్నొగ్గేయండి" అని వినపడేది. ఎర్ర లైటు దూరం నుంచి కనపడగానే కాలు యాక్సిలేటర్ మీంచి తీసెయ్యాలి. మూడో గేరులోనే, బ్రేకు మొదట మెత్తగా, తర్వాత గట్టిగా. ఇరవైకి దిగాక, ఇంజిన్ గొంతు మారబోతుండగా అప్పుడు క్లచ్. ఆగే చివరి అడుగులో బ్రేకు మీద బరువు కొంచెం తగ్గిస్తే తల ముందుకి ఊగకుండా నిలబడుతుంది. ఆగాక న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్, రెండు కాళ్లకీ విశ్రాంతి. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఫస్ట్ గేరు వేసి క్లచ్ తొక్కిపట్టి కూర్చునేవాళ్లని చూపించి, "బేరింగు కొట్టుకుపోతాది" అనేవారు. ఆయన అన్నది రిలీజ్ బేరింగు గురించి. అదీ నిజమే, క్లచ్ తొక్కి ఉంచినంతసేపూ దాని మీద ఒత్తిడి ఉంటుంది.

మలుపులకీ ఇదే వరస. నాలుగులో వస్తున్నాం, ఎడమ చేతి సందులోకి తిరగాలి. గేర్లు తగ్గించి బండిని ఆపడం కాదు, బ్రేకుతో వేగం తగ్గించుకుని ఆ వేగానికి సరిపడే గేరు వెయ్యాలి. నాలుగు నుంచి నేరుగా రెండుకి రావచ్చు, మధ్యలో మూడు వెయ్యాలన్న నియమమేం లేదు. క్లచ్ పూర్తిగా వదిలాకే స్టీరింగ్ తిప్పాలి. క్లచ్ తొక్కి మలుపు తిరిగితే బండి మన చేతిలో ఉండదు, దాని ఊపులో అది పోతుంటుంది. పాతకాలం బస్సుల్లో కింది గేరుకి రావాలంటే డబుల్ క్లచ్ కొట్టాల్సిందేనట: క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి ఒకసారి రేజు, మళ్లీ క్లచ్, అప్పుడు గేరు. ఎడమ కాలికి బూటు అరిగిపోయేదట. ఇప్పటి కార్లలో గేర్ల వేగాలని కలిపే సింక్రోమెష్ ఆ పని చేసిపెడుతోంది. అయినా క్లచ్ వదిలే ముందు యాక్సిలేటర్ మీద వేలితో ముట్టుకున్నంత ఇస్తే కింది గేరు కుదుపు లేకుండా కలుస్తుంది. ఆయన చేసి చూపించారు. గేరు మారినట్టు నాకు శబ్దంలో తెలిసింది గానీ ఒంటికి తెలియలేదు.

సడన్ బ్రేకు నేర్పమని నేనే అడిగాను. మామూలుగా స్కూళ్లలో ఇది నేర్పరు. స్కూలు బండి పాతది, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) లేదు, టైర్లు కూడా అంతంతమాత్రం. అందుకని మా వ్యాగన్ ఆర్‌కి ఎల్ బోర్డు తగిలించి, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీదకి తీసుకెళ్లాం. (సొంత బండిలో క్లాసుకి స్కూలు విడిగా డబ్బు తీసుకుంటుంది. ఇవ్వండి, దండగ కాదు.) 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో తయారై అమ్ముడయ్యే కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి, మాది ఆ తర్వాతదే. నలభైలో పోతుండగా ఆయన డ్యాష్‌బోర్డు మీద చరుస్తారు, నేను ఆపాలి.

ఇక్కడ ఒక్కచోట మాత్రం మాస్టారితో నేను ఏకీభవించను. "కొడుతూ వదులుతూ, కొడుతూ వదులుతూ ఆపాలి, ఒకేసారి అదిమితే చక్రాలు పట్టేసి జారిపోతాది" అన్నారు. ఏబీఎస్ లేని బండికి అది సరైన మాటే. చక్రం తిరగడం మానేసి జారడం మొదలైతే ఆగే దూరం పెరుగుతుంది, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. ఏబీఎస్ ఉన్న బండిలో ఆ కొట్టి వదలడం అదే చేస్తుంది, మన కాలి కంటే ఎన్నో రెట్లు వేగంగా. మనం మధ్యలో కాలు తీస్తే దాని పని చెడగొట్టినట్టే. నేను గ్లవ్ బాక్స్‌లోంచి ఓనర్స్ మాన్యువల్ తీసి ఆ పేజీ చూపించాను. కళ్లజోడు పెట్టుకుని నింపాదిగా చదివారు. "సరేనమ్మా, మీ బండికి మీ పుస్తకం చెప్పినట్టే కానీండి" అన్నారు. ఆ వయసులో, ఆ అనుభవంతో, స్టూడెంటు మాట విని పద్ధతి మార్చుకున్న టీచర్లని మా స్టాఫ్‌రూంలో కూడా నేను ఎక్కువమందిని చూడలేదు.

ఆ తర్వాత చరిచారు. బ్రేకు, క్లచ్ రెండూ ఒకేసారి అడుగంటా తొక్కాను. ఇక్కడ మాత్రం క్లచ్ ఆఖర్న అనే నియమం లేదు, రెండూ ఒకేసారే. కాలి కింద పెడల్ గడగడమని కొట్టుకుంది, కింద నుంచి గరగరమని శబ్దం. తెలియనివాళ్లయితే ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తారు. అలా తియ్యకూడదని ముందే తెలియడం కోసమైనా ఈ క్లాసు చేయించుకోవాలి. రెండోసారి అదిమిపట్టి ఉంచే స్టీరింగ్ కొంచెం తిప్పమన్నారు, బండి తిరిగింది.

ఇంటికొచ్చాక లెక్క కట్టాను, అలవాటు పోదు కదా. గంటకి అరవై అంటే సెకనుకి పదహారు మీటర్ల పైన. కంటికి కనపడి కాలు బ్రేకు మీదకి వెళ్లడానికి ఒక్క సెకను పట్టిందనుకుంటే ఆ పదహారు మీటర్లూ బ్రేకు పడకుండానే అయిపోయాయి. మంచి టైర్లు, పొడి రోడ్డు అయితే ఆపైన ఆగడానికి ఇంకో ఇరవై మీటర్లు. మొత్తం ముప్పై అయిదు మీటర్ల పైమాటే. వేగం సగానికి తగ్గిస్తే ఆ ఇరవై కాస్తా అయిదవుతుంది. హైవే మీద, హనుమంతవాక నుంచి ఎండాడ దాకా, ముందు లారీకి పది మీటర్ల వెనకాల ఎనభైలో వెళ్లేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

విశాఖలో నేర్చుకుని ఎత్తు మీద ఆపి ఎక్కించడం రాకపోతే నేర్చుకోనట్టే. ఊరంతా ఎగుడుదిగుళ్లే. పాండురంగాపురం డౌన్ కింద నుంచి పైకి, ట్రాఫిక్‌లో, మధ్యలో ఆగాల్సి వస్తుంది. వెనకాల ఆటో, మన బంపర్‌కి జానెడు దూరంలో, హారన్ మీంచి చెయ్యి తియ్యడు. మాస్టారి పద్ధతి ఇది: ఆగగానే హ్యాండ్‌బ్రేక్ కిర్రుమని గట్టిగా పైకి. ఫస్ట్ గేరు. యాక్సిలేటర్ కొంచెం ఇచ్చి ఇంజిన్ శబ్దం నిలకడగా పట్టుకోవాలి. క్లచ్ వదులుతూ వస్తే బండి ముక్కు రవ్వంత పైకి లేస్తుంది, వెనకభాగం కిందకి కూర్చుంటుంది. బానెట్ అంచుని ఎదురుగా ఉన్న ఏ గోడ గీతతోనో పోల్చుకుంటూ ఉంటే ఆ లేవడం కంటికి కనపడుతుంది. అది కనపడ్డాకే హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కి దించాలి. బండి ఒక్క అంగుళం వెనక్కి రాదు. హ్యాండ్‌బ్రేక్ వెయ్యకుండా, క్లచ్ సగం వదిలి, అంటే హాఫ్ క్లచ్ మీద, బండిని ఎత్తులో నిలబెట్టేవాళ్లు ఉంటారు, చూడ్డానికి స్టైలుగానే ఉంటుంది. కాసేపటికి కాలిన వాసన వస్తుంది, ఆ వాసన క్లచ్ ప్లేటుది.

ఈ ఎత్తు విద్య, దిగుడులో కింది గేరుకి త్వరగా మార్చడం, రెండూ లైసెన్సు పరీక్షలో చూడాలని 1989 నాటి సెంట్రల్ రూల్స్‌లో 15వ రూల్‌లోనే ఉంది. స్కూలు ప్యాకేజీలో మాత్రం లేవు. "ఎనిమిది, హెచ్ వేస్తే చాలు మేడమ్, పాసైపోతారు" అంటారు. పాసవుతాం, నిజమే. మర్నాడు సింహాచలం కొండెక్కాలంటే?

అందుకే ఘాట్ క్లాసు విడిగా అడిగి తీసుకున్నాను. దీనికి 1,500 తీసుకున్నారు. అడవివరం వైపు నుంచి వెళ్లి కొండెక్కాం. ఎక్కడం పెద్ద సమస్య కాదు. రెండో గేరు, మలుపుకి ముందు హారన్, ఇంజిన్ బొంగురుపోకముందే గేరు తగ్గించుకోవడం, అంతే. అసలు పాఠం దిగేటప్పుడు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్నారు. బండిని రెండులో పెట్టి, రెండు కాళ్లూ పెడల్స్ మీంచి తీసేయమన్నారు. ఇంజిన్ గుర్రుమంటూ బండిని పట్టి ఉంచింది. మలుపు వచ్చే ముందు మాత్రం బ్రేకు గట్టిగా, కొద్దిసేపు. వేగం తగ్గగానే పూర్తిగా వదిలెయ్యాలి. కాలు బ్రేకు మీద ఆనించి ఉంచి దిగడం అన్నిటికన్నా చెడ్డది.

ఎందుకో నా భాషలో చెబుతాను. మనుషులతో కలిపి వెయ్యి కిలోల బండి వంద మీటర్ల ఎత్తు దిగితే సుమారు పది లక్షల జౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. మూడు లీటర్ల చన్నీళ్లని పొయ్యి మీద పెట్టి మరిగించడానికి పట్టేంత వేడి అది. గేరులో దిగితే అందులో పెద్ద వాటా ఇంజిన్ తీసుకుంటుంది. న్యూట్రల్లో దిగితే మొత్తం బ్రేకు డిస్కుల మీద, డ్రమ్ముల మీద పడుతుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమని పీలుస్తుంది. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలదాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ కనీస హద్దు 155కి దిగిపోతుంది. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు, పెడల్ మెత్తగా కిందకి పోతుంది, బ్రేకు పడదు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమని మెకానిక్‌లు చెప్పేది డబ్బుల కోసమే కాదు.

"న్యూట్రల్లో దిగితే పెట్రోలు మిగులుతుంది" అని మా బంధువుల్లో ఒక బాబాయిగారు ఇప్పటికీ వాదిస్తారు. కార్బ్యురేటర్ల కాలం మాట అది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో గేరులో ఉండగా యాక్సిలేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటాయి. న్యూట్రల్లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. ఇంజిన్ కూడా ఆపేసి దిగే మహానుభావులకి ఇంకో మాట. మన కాలి బలాన్ని పెంచి ఇచ్చే బ్రేకు బూస్టర్‌కి వాక్యూమ్ ఇచ్చేది ఇంజినే. ఆపేశాక రెండు మూడుసార్లు తొక్కితే నిల్వ ఉన్నది అయిపోతుంది, పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. మాస్టారు కింద, కొండ దిగాక, బండి పక్కకి ఆపి ఇంజిన్ ఆపించి ఇది నాచేత తొక్కించారు. మూడోసారికి ఒంటి బరువంతా వేసినా పెడల్ దిగలేదు.

అరకు నుంచి వచ్చేటప్పుడు అనంతగిరి దాటాక టైడా దాకా బస్సు రెండులోనే పాక్కుంటూ దిగేదని, లోడు ఎక్కువుంటే ఇంకా కింది గేరని, ఆ రోజుల కబుర్లు ఆయన చాలా చెప్పారు. ఎదురు వచ్చే బండి ఎత్తు ఎక్కుతుంటే, దారి ఇరుకైతే, దిగేవాళ్లే ఆగి దారి ఇవ్వాలని కూడా. అది చట్టంలో ఉన్న మాటే, పాటించేవాళ్లు తక్కువ.

ఇక లోపాలు. స్కూలు బండి క్లచ్ బాగా అరిగిపోయి ఉంది, పెడల్ దాదాపు పైదాకా వచ్చాక గానీ పట్టుకోదు. దానికి అలవాటైన కాలితో మా బండి ఎక్కితే పట్టుకునే చోటు ఎంతో కింద ఉంది, మళ్లీ మొదట్నుంచి నేర్చుకున్నట్టయింది. గేర్ రాడ్డు కూడా వదులు. రివర్సు, పార్కింగు నేర్పడంలో మాస్టారికి కూడా పెద్ద ఆసక్తి లేదు, బస్సుకి వెనక కండక్టరు విజిల్ ఉండేది కదా. రివర్సు గేరు వేసేముందు బండి పూర్తిగా ఆగాలి, లేకపోతే కరకరమంటుంది అని చెప్పి ముగించారు. ఆ పని నేను అపార్ట్‌మెంటు సెల్లార్‌లో వాచ్‌మన్ సాయంతో నేర్చుకున్నాను. టైము పాటించడంలో ఆఫీసుకి సున్నా మార్కులు. క్లాసు రద్దయితే ఫోను చేసి చెప్పరు, మనం కింద నిలబడి ఎదురుచూడాలి.

చేరేవాళ్లు డబ్బు కట్టే ముందే అడగాల్సినవి: ఏ మాస్టారు, రోజుకి ఇంజిన్ స్టార్ట్ నుంచి ఆపేదాకా ఎంతసేపు, సొంత బండిలో చివరి క్లాసులు ఇస్తారా, ఎత్తు ప్రాక్టీసు ఉందా. మౌఖికంగా "చూద్దాం మేడమ్" అంటే కుదరదు, రసీదు వెనక రాయించుకోండి. నేను అలాగే రాయించుకున్నాను కాబట్టే మాస్టారిని మార్చారు. ఘాట్ క్లాసుకి మామూలు రోజు ఉదయం ఎంచుకోండి. చందనోత్సవం, గిరి ప్రదక్షిణ రోజుల్లో సింహాచలం కొండ చుట్టుపక్కల బండి కదిలే వీలుండదు. శనివారాలు కూడా రద్దీయే. ఘాట్ క్లాసు స్కూలు బండిలో వద్దని, మీ బండిలోనే కావాలని గట్టిగా చెప్పండి, ముందురోజు బ్రేకు ఆయిల్ మట్టం చూపించుకుని మరీ వెళ్లండి.